జేబుల్లేని కోటు

ఆల్డర్‌షాట్‌లో, విక్టోరియా రోడ్డు మలుపున
ప్రాసర్ గారి దర్జీ కొట్టు.
నా పని కాజాలు.
ఆయన మనిషిని కొలుస్తారు,
నేను మనిషికెన్ని బొత్తాలో అంతవరకే చూస్తాను.

మొదటిసారి వచ్చినప్పుడు అతనికి ఐదు.
వానలో తడిసిన లెఫ్టినెంటు, పరాయి దేశం కుర్రాడు,
ఇక్కడ కవాతు నేర్చుకోమని పంపారట.
పేరు ఓర్డన్ వాస్కు.
ఛాతీ ముప్పై ఏడు, మెడ పద్నాలుగున్నర.
ప్రాసర్ గారు చెబుతుంటే పుస్తకంలో రాసింది నేనే.
రెండు పౌన్ల పదకొండు షిల్లింగులు.
వచ్చే నెల ఇస్తానన్నాడు.
వెళ్తూ వెళ్తూ అద్దం ముందు ఆగి
ఎవరూ చూడ్డం లేదనుకుని
తనకు తానే సెల్యూట్ కొట్టుకున్నాడు.
పళ్ళ మధ్య దారం ఉంది కాబట్టి
నేను నవ్వలేదు.

తర్వాతి కొలతలన్నీ తపాలాలో వచ్చాయి.
కెప్టెనుకి ఏడు కాజాలు.
ఏదో వంతెన దగ్గర గెలిచాక, కర్నలుకి రెండు వరసలు.
కవరు మీద స్టాంపులో ముసలి రాజు ఉండేవాడు.
ఒక ఏడు ఆయన ముఖం మీద నల్ల గీత కొట్టి వచ్చింది.
మరుసటి ఏడు ముఖమే మారింది.
ఆ మెడ నాకు తెలుసు. అప్పటికి పదహారున్నర.

పతకాల బరువుకి గుడ్డ జారుతోందని ఫిర్యాదు.
ఎడమ వైపు కాన్వాసు రెండు పొరలు వేశాం.
అప్పటినించీ అతను గుండె మీద చెయ్యేసి
ఏ ప్రమాణం చేసినా
తగిలింది మా కాన్వాసే.

ఆ మీదట పట్టాభిషేకం కోటు.
ఊదా మఖమలు, పదకొండు వారాల పని.
బంగారు దారంతో ముప్పై ఆరు కాజాలు,
అందులో సగం తెరుచుకోనివి, ఉత్త షోకు.
జేబులెన్ని అని ప్రాసర్ గారు తంతి కొట్టారు.
వద్దు, అని ఒక్క ముక్క జవాబు.
నిజమే,
చక్రవర్తి తన చేత్తో ఏం మోస్తాడు?

ఇస్త్రీ చేసే మీరెక్‌ది ఆ దేశమే.
పెట్టె బొగ్గుల పక్కన దించి
ఆ ఊదా గుడ్డ వంక కాసేపు చూసి, వెళ్ళిపోయాడు.
మూడో రోజు వచ్చాడు. నేనేం అడగలేదు.
"మా అన్న పాఠం చెప్పే గదిలో
ఇప్పుడు గుర్రాల్ని కడుతున్నారు" అన్నాడు.
అన్న సంగతి చెప్పలేదు.
ఆ కోటు ఇస్త్రీ నేనే చేశాను.
చేశాను.
ఆ వారం కూలీ అర క్రౌను ఎక్కువ వచ్చింది.

ఎలా పడ్డాడో సరిగ్గా తెలీదు.
వేయించిన చేప చుట్టిన కాగితంలో సగం చదివాను,
మిగతా సగం నూనె తాగేసింది.
ఉత్తరాన మంచులో సైన్యం దిగబడిందనీ,
రొట్టె వరసలో ఆడవాళ్ళు ముందు అరిచారనీ.

నవంబరు. ప్రాసర్ గారు పోయి నాలుగేళ్ళు.
టేపు ఇప్పుడు నా మెడలో.
తలుపు గంట మోగింది. చంకలో పొట్లం.
"దీన్ని మామూలు కోటు చెయ్యగలరా?"
ఫార్న్‌బరోలో ఏదో గిడ్డంగికి రాత్రి కాపలా దొరికిందట.
కొలిచాను. ఛాతీ ముప్పై ఆరు.
పాత పుస్తకం తీశాను గానీ
మొదటి అంకె అతనికి చూపించలేదు.

జరీ విప్పాను. కాన్వాసు పీకాను,
లోపల పిన్నుల తుప్పు మరకలు.
నల్లరంగుకి ఊదా లొంగినంత లొంగింది,
ఎండలో చూస్తే ఇంకా తెలిసిపోతుంది.
రాత్రి కాపలాకి ఎండెక్కడిది.
"జేబులు" అన్నాడు, నేల చూస్తూ.
"రెండు. తాళాలకొకటి, బస్సు చిల్లరకొకటి."

వెనక గదిలో ఆవిరి చప్పుడు ఆగింది.
మీరెక్ గుమ్మంలో నిలబడ్డాడు.
వాళ్ళ భాషలో ఏదో అడిగాడు, చిన్న మాట.
ఓ మనిషి పేరై ఉంటుంది.
వాస్కు చాలాసేపు ఆలోచించాడు.
నిజంగానే గుర్తు రాలేదనుకుంటా.
మీరెక్ లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

ముడతలతోనే కోటు తొడుక్కున్నాడు.
జేబుల్లో చేతులు పెట్టి చూసుకున్నాడు.
అద్దం వైపు వెళ్ళలేదు.
లెక్క చెప్పాను:
రంగుకీ జేబులకీ ఐదు షిల్లింగులు,
పాత బాకీ రెండు పౌన్ల పదకొండు.
ఐదూ లెక్కపెట్టి బల్ల మీద ఉంచాడు.
మిగతాది వచ్చే నెల అన్నాడు.